బర్మా క్యాంపు వెనుక ఉన్న దేశం



విశాఖపట్నంలో కంచరపాలెం తెలియనివారు ఉండరు. రైలు పట్టాలు, జాతీయ రహదారి, పాలిటెక్నిక్ కాలేజీ, పారిశ్రామికవాడ, వీటి నడుమ రైల్వేలోనూ పోర్టులోనూ షిప్‌యార్డులోనూ కష్టం చేసుకు బతికేవాళ్ల ఇళ్లు. ఆ కంచరపాలెంలోనే బర్మా క్యాంపు అనే పేట ఉంది. ఆటో అతనికి ఆ పేరు చెబితే చాలు, ఇంకో ప్రశ్న అడగకుండా తీసుకెళ్లి దింపుతాడు. ఒక పరాయి దేశం పేరు మన పేటకు ఎలా వచ్చిందని ఇప్పటి పిల్లలను అడిగితే మాత్రం చాలామంది తెల్లమొహం వేస్తారు. అందుకే ఈరోజు ఆ దేశం గురించి చెప్పుకుందాం. దాని చరిత్ర ఏమిటి, అక్కడ ఏం పండుతుంది, ఎవరు పాలిస్తారు, జనం ఎలా బతుకుతారు, మనవాళ్లు అక్కడికి ఎందుకు వెళ్లారు, ఎందుకు తిరిగి రావలసి వచ్చింది, ఈ సంగతులన్నీ చెబుతాను.

బర్మా అంటే ఇప్పటి మయన్మార్. 1989లో అక్కడి సైనిక ప్రభుత్వం దేశం పేరు అలా మార్చింది. రంగూన్ నగరం యాంగోన్ అయింది. మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్లు రంగూన్‌ను రంగం అనేవారు. "మా తాత రంగం వెళ్లాడు" అనే మాట శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఎన్నో ఇళ్లలో ఉంది. మనవాళ్ల జ్ఞాపకాలన్నీ ఆ పాత పేర్లతోనే ముడిపడి ఉన్నాయి కాబట్టి నేనూ ఆ పేర్లే వాడతాను.

ముందు ఆ దేశం ఎక్కడుందో చూద్దాం. విశాఖ, రంగూన్ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. మధ్యలో బంగాళాఖాతం. నేరుగా కొలిస్తే మనకు ఢిల్లీ ఎంత దూరమో రంగూన్ కూడా ఇంచుమించు అంతే, 1,300 కిలోమీటర్లకు కాస్త పైన. దేశ విస్తీర్ణం దాదాపు 6,76,000 చదరపు కిలోమీటర్లు. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు నాలుగు రెట్లు. జనాభా మాత్రం అయిదు కోట్ల పైచిలుకే. చుట్టూ భారత్, బంగ్లాదేశ్, చైనా, లావోస్, థాయిలాండ్. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం రాష్ట్రాల వెంట మనకూ వారికీ 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది.

దేశం నడిమధ్యగా ఉత్తరం నుంచి దక్షిణానికి ఐరావతి నది పారుతుంది. ఆ నది పొడవునా మైదానం, కింద సముద్రం దగ్గర విశాలమైన డెల్టా. మైదానాన్ని మూడు వైపులా కొండలు చుట్టుముట్టి ఉంటాయి. మైదానంలో ఎక్కువమంది బర్మన్లు. దేశ జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు వారే. కొండల్లో, అంచుల్లో షాన్, కచిన్, చిన్, కరెన్, కయా ప్రజలున్నారు. తీరాల వెంట మోన్లు, అరకాన్ వాసులైన రఖైన్లు ఉన్నారు. ప్రభుత్వ లెక్క ప్రకారం ఆ దేశంలో 135 జాతులు. ఇన్ని జాతుల్లో ఈ దేశం ఎవరిది అన్న ప్రశ్న బర్మా చరిత్రలో మళ్లీ మళ్లీ లేస్తుంది. మన బర్మా క్యాంపు పుట్టిందీ ఆ ప్రశ్న వల్లనే.

ఇక చరిత్ర. ఐరావతి లోయలో తొలి నగరాలు కట్టినవారు ప్యూ ప్రజలు. వారి శ్రీక్షేత్ర, హలిన్, బెయిక్‌థానో నగరాల శిథిలాలను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బెయిక్‌థానోలో బయటపడిన ఇటుక కట్టడాలను పురావస్తు పండితులు మన నాగార్జునకొండ కట్టడాలతో పోల్చారు. ఇందులో ఆశ్చర్యం లేదు. ఆనాడు మన తీరం వెంట శాలిహుండం, బావికొండ, తొట్లకొండ వంటి బౌద్ధ క్షేత్రాలు వెలుగుతుండేవి. సరుకులు మోసిన ఓడలే భిక్షువులనూ మోశాయి. బర్మీ లిపి కూడా దక్షిణ భారత బ్రాహ్మీ నుంచి పెరిగినదే. ఆ గుండ్రని అక్షరాలు చూస్తే తెలుగు కంటికి ఎక్కడో చూసినట్టే ఉంటాయి.

1044లో అనవ్రత అనే రాజు పగాన్ రాజధానిగా మైదానాన్ని ఒక్కటి చేశాడు. ఆయన కాలంలోనే థేరవాద బౌద్ధం రాజ్యమంతా వేళ్లూనుకుంది. రెండున్నర శతాబ్దాల్లో పగాన్ మైదానంలో వేల గుడులు, స్తూపాలు లేచాయి. రెండు వేలకు పైగా ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1113 నాటి మ్యాజేడీ శాసనం నాలుగు భాషల్లో ఉంది: ప్యూ, మోన్, బర్మీ, పాళీ. అంటే తొమ్మిది వందల ఏళ్ల కిందటే అక్కడ రాజకుమారుడి దానశాసనం ఒక్క భాషతో సరిపెట్టుకోలేదు. 13వ శతాబ్దం చివర మంగోలుల దండయాత్రలతో పగాన్ కూలింది. తర్వాత టౌంగూ రాజులు వచ్చారు. 1752లో అలౌంగ్‌పయా స్థాపించిన కొన్‌బౌంగ్ వంశం చివరి రాజవంశం.

ఆ వంశాన్ని ఇంగ్లీషువారు మూడు యుద్ధాల్లో కూలదోశారు. 1824–26లో మొదటిది, 1852లో రెండోది, 1885లో మూడోది. మొదటి యుద్ధంలో రంగూన్‌కు ఓడల్లో వెళ్లిన సైన్యంలో మద్రాసు పటాలాల వాటా పెద్దది. చివరి రాజు థీబాను మహారాష్ట్ర తీరంలోని రత్నగిరికి తరలించారు. ఆయన అక్కడే 1916లో చనిపోయాడు. అంతకుముందు ఢిల్లీ చివరి మొగలాయి పాదుషా బహదూర్ షా జఫర్‌ను రంగూన్‌కు పంపారు. ఆయన అక్కడే 1862లో కన్నుమూశాడు. ఇద్దరు చివరి రాజులూ ఒకరి దేశంలో ఒకరు మట్టిలో కలిసిపోయారు. బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమైంది. 1937 ఏప్రిల్ 1 దాకా అలాగే ఉంది.

మనవాళ్ల కథ ఇక్కడే మొదలవుతుంది. రెండో యుద్ధం తర్వాత ఐరావతి డెల్టా ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకోవడంతో ఐరోపాకు బియ్యం పంపడం తేలికైంది. అడవులు, చిత్తడి నేలలు కొట్టి మడులు చేశారు. 1850ల్లో పది లక్షల ఎకరాల్లోపు ఉన్న వరి సాగు 1930ల నాటికి 80 లక్షల ఎకరాలు దాటింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసే దేశం బర్మా అయింది. ఏటా దాదాపు 30 లక్షల టన్నులు. కోసిన ధాన్యం ఆడించాలి, మూటలు మోయాలి, ఓడలకెక్కించాలి. ఆ పనికి కూలీలు కావాలి.

ఇటు మన తీరంలో కరువులు, జమీందారీ శిస్తులు, చేతినిండా లేని పని. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు రంగూన్‌కు నడిచేవి. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి బయానా ఇచ్చి మనుషులను కూడగట్టేవాడు. టిక్కెట్టు ఖర్చు, తిండి ఖర్చు అప్పు కింద రాసుకునేవాడు. అక్కడ కూలీ డబ్బు అతని చేతి మీదుగానే అందేది, ముందు అప్పు మినహాయించుకునేవాడు. చాలామంది సీజనుకు వెళ్లి రెండు మూడేళ్లకు ఇంటికి వచ్చేవారు. కొందరు అక్కడే కాపురాలు పెట్టారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవారు. వారు ఏ జిల్లా నుంచి వెళ్లినా అదే పేరు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు. నాలుగు లక్షల జనాభా ఉన్న రంగూన్ నగరంలో సగానికి పైగా మనవాళ్లే. మద్రాసు సీమ చెట్టియార్లు అప్పులిచ్చారు, గుజరాతీలు వ్యాపారం చేశారు, బెంగాలీలు ఆఫీసుల్లో రాతపని చేశారు. రేవులో, బియ్యం మిల్లులో, రిక్షా దగ్గర, వీధులు ఊడ్చే పనిలో తెలుగువాళ్లు నిలబడ్డారు. రంగూన్ సంపద వాళ్ల వీపుల మీదుగా ఓడలెక్కింది.

అయితే అదే సమయంలో బర్మా రైతు చితికిపోయాడు. 1929 తర్వాత ధాన్యం ధర పడిపోయింది. డెల్టాలో భూములు అప్పుల కింద చెట్టియార్లకు పోయాయి. పని వెతుక్కుంటూ పట్నం వచ్చిన బర్మీ యువకుడికి రేవులో తెలుగు కూలీ కనిపించాడు. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు, ప్రధానంగా తెలుగువాళ్లు, కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. తర్వాత సమ్మె రాజీపడి పాతవాళ్లు పనిలోకి రాగానే కొత్తవాళ్లను పొమ్మన్నారు. మే 26న రేవులో మొదలైన గొడవ నగరమంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది తెలుగు కూలీలు. ఇద్దరు పేదవాళ్లు ఒకే మూట కోసం కొట్టుకున్నారు. ఆ మూట మీద లాభం తీసినవాడికి దెబ్బ తగలలేదు. ఈ సంగతి మనం మనవాళ్ల పక్షానే కాకుండా బర్మీయుల పక్షాన కూడా నిలబడి చూడాలి. అప్పుడే తర్వాత జరిగింది అర్థమవుతుంది.

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మరుసటి మార్చిలో నగరం జపాన్ వశమైంది. ఓడల్లో చోటు దొరికినవాళ్లు బయటపడ్డారు. మిగతావాళ్లు అరకాన్ దారినో, మణిపూర్ కొండల దారినో కాలినడకన బయలుదేరారు. నాలుగైదు లక్షలమంది భారతీయులు అలా నడిచారు. ఆకలితో, మలేరియాతో, కలరాతో దారిలో రాలిపోయినవాళ్లు వేలకు వేలు. అదే యుద్ధం 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీదకూ వచ్చింది. అప్పటికి మన రేవు తెరిచి తొమ్మిదేళ్లు కూడా కాలేదు.

యుద్ధం తర్వాత స్వాతంత్ర్యం. బర్మా నాయకుడు ఆంగ్ సాన్ 1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్ అనే ఊళ్లో షాన్, కచిన్, చిన్ నాయకులతో ఒప్పందం చేసుకున్నాడు. కొండ ప్రాంతాల పాలన వారికే ఉంటుంది, అందరూ కలిసి ఒక దేశంగా ఉందాం అన్నది దాని సారం. ఆ దేశానికి దొరికిన మంచి అవకాశం అది. అయిదు నెలలు గడిచాయో లేదో, జులై 19న ఆంగ్ సాన్‌ను, ఆయన మంత్రివర్గ సహచరులను కాల్చి చంపారు. ఆయన వయసు 32. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం వచ్చింది. ఊ ను ప్రధాని అయ్యాడు. కానీ కరెన్లు, కమ్యూనిస్టులు ఆయుధాలు పట్టారు. అంతర్యుద్ధం మొదలైంది. ఏదో ఒక మూల అది ఇప్పటికీ ఆరలేదు.

1962 మార్చి 2న సేనాధిపతి నే విన్ ప్రభుత్వాన్ని కూల్చి అధికారం తీసుకున్నాడు. బర్మా తరహా సోషలిజం అన్నాడు. బ్యాంకులు, మిల్లులు, ఆఖరికి చిల్లర దుకాణాలు కూడా జాతీయం చేశాడు. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నాడు. మూడు తరాలుగా కూడబెట్టుకున్నది చిత్తుకాగితమైంది. భారతీయులకు బతుకుతెరువు లేకుండా పోయింది. వెళ్లిపోతామంటే నగలు, డబ్బు వెంట తీసుకెళ్లడం మీద కఠినమైన ఆంక్షలు. లక్షమందికి పైగా అలా ఓడలెక్కారు. ఆ ఓడలు మద్రాసుకూ, మన విశాఖకూ వచ్చాయి. కట్టుబట్టలతో దిగినవాళ్లలో చాలామంది బర్మాలోనే పుట్టినవాళ్లు. తెలుగు ఇంట్లో మాట్లాడినా, చదువు బర్మీలోనే నేర్చినవాళ్లు. వారి కోసం మన ప్రభుత్వం వేసిన శిబిరమే కంచరపాలెం బర్మా క్యాంపు. వచ్చినవాళ్లు పోర్టులో, మిల్లుల్లో, చిన్న వ్యాపారాల్లో కుదురుకున్నారు. క్యాంపు పేటగా మారింది.

ఇక ప్రభుత్వం సంగతి. 1982లో నే విన్ కొత్త పౌరసత్వ చట్టం తెచ్చాడు. 1823కు ముందు నుంచి, అంటే మొదటి ఇంగ్లీషు యుద్ధానికి ముందు నుంచి, ఆ నేల మీద ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వం. తర్వాత వచ్చినవారి సంతానం కింది మెట్టు మీదే. అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల మీదా ఈ చట్టం బరువు పడింది. అరకాన్‌లోని రోహింగ్యాల మీద ఇంకా ఘోరంగా పడింది. 2017లో సైనిక దాడులకు ఏడు లక్షలమందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు.

1988 ఆగస్టు 8న ప్రజలు వీధుల్లోకి వచ్చారు. సైన్యం తుపాకులతో జవాబు చెప్పింది. 1990 ఎన్నికల్లో ఆంగ్ సాన్ కూతురు ఆంగ్ సాన్ సూచీ పార్టీ 485 స్థానాల్లో 392 గెలిచినా అధికారం అప్పగించలేదు. ఆమెను ఏళ్ల తరబడి గృహనిర్బంధంలో పెట్టారు. 1991లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆమె చదువుకున్నది ఢిల్లీలోని లేడీ శ్రీరామ్ కాలేజీలో. అప్పట్లో ఆమె తల్లి మన దేశంలో బర్మా రాయబారి. 2005లో సైన్యం రాజధానిని రంగూన్ నుంచి నేపిడోకు మార్చింది. 2008 రాజ్యాంగం ప్రకారం పార్లమెంటులో నాలుగో వంతు స్థానాలు సైన్యానికే. రాజ్యాంగం మార్చాలంటే 75 శాతం దాటి ఓట్లు కావాలి. అంటే సైన్యం ఒప్పుకోకుండా ఒక్క అక్షరం మారదు. 2015లో సూచీ పార్టీ గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. రోహింగ్యాల విషయంలో ఆమె సైన్యాన్ని వెనకేసుకు వచ్చినప్పుడు ప్రపంచం నివ్వెరపోయింది. 2020లో మళ్లీ గెలిచారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యాధ్యక్షుడు మిన్ ఆంగ్ హ్లయింగ్ సూచీనీ ఆమె పార్టీ నాయకులనూ అరెస్టు చేసి అధికారం లాక్కున్నాడు. ఈసారి కొండ జాతుల యువకులతో పాటు మైదానంలోని బర్మన్ యువకులు కూడా ఆయుధాలు పట్టారు. 2025 మార్చి 28న మండలే, సగైంగ్ ప్రాంతాలను భూకంపం నేలమట్టం చేసింది. యుద్ధంలో నలిగిన జనం మీద ఇంకో దెబ్బ.

ఆర్థికంగా చూస్తే ఆ నేల నిరుపేద కాదు. మన పాత మండువా ఇళ్ల దూలాలు, తలుపులు చూడండి, బర్మా టేకు. మొగోక్‌లో కెంపులు, హ్పాకాంత్‌లో పచ్చని జేడ్ రాళ్లు, సముద్రంలో సహజవాయువు. అరకాన్ తీరంలోని ష్వే వాయుక్షేత్రంలో మన ప్రభుత్వ సంస్థలు ఓఎన్‌జీసీ విదేశ్, గెయిల్‌కు వాటా ఉంది. ఆ వాయువు గొట్టాల్లో చైనాకు వెళుతుంది. ఇంత సంపద ఉన్నా 1987లో ఐక్యరాజ్యసమితి బర్మాను అత్యంత వెనుకబడిన దేశాల జాబితాలో చేర్చింది. ఒకప్పుడు ప్రపంచానికి బియ్యం పెట్టిన దేశం పాతికేళ్ల సైనిక పాలనలో అక్కడికి దిగజారింది.

మన వంటింటితో కూడా ఆ దేశానికి సంబంధం ఉంది. మనం బయటి నుంచి తెచ్చుకునే మినుముల్లో అధికభాగం బర్మావే. 2021లో కుదిరిన ఒప్పందం ప్రకారం అయిదేళ్లపాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు అక్కడి నుంచి తెచ్చుకునే ఏర్పాటు జరిగింది. విశాఖలో ఇడ్లీ ప్లేటు ధరకు ఐరావతి ఒడ్డున కురిసే వాన కూడా కారణమే.

బర్మా ప్రజల జీవితం బౌద్ధం చుట్టూ అల్లుకుని ఉంది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బౌద్ధులు. బౌద్ధ ఇళ్లలో దాదాపు ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా, కొద్దిరోజులకైనా గుండు చేయించుకుని భిక్షువుగా విహారంలో ఉంటాడు. ఆ విహారాలే ఊరూరా బడులు కావడం వల్ల ఇంగ్లీషువారు రాకముందే అక్కడ మగవాళ్లలో అక్షరాస్యత ఎక్కువ. ఆడవాళ్లకు ఆస్తి హక్కు ఉంది, బజారు వ్యాపారం చాలావరకు వారి చేతుల్లోనే నడుస్తుంది. రంగూన్‌లోని ష్వేడగాన్ బంగారు స్తూపం ఎత్తు 326 అడుగులు. మండలేలో మిండాన్ రాజు పాళీ త్రిపిటకాలను 729 చలువరాతి ఫలకాల మీద చెక్కించాడు. వాటిలో ఒక్కొక్కదానికీ ఒక గుడి కట్టించాడు. బౌద్ధంతో పాటే నాట్ అనే గ్రామదేవతలనూ కొలుస్తారు. మన పైడితల్లికి, ఎల్లమ్మకు మొక్కినట్టే వారూ 37 మంది నాట్‌లకు మొక్కుతారు. ఏప్రిల్ మధ్యలో వచ్చే కొత్త సంవత్సరాన్ని ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటూ జరుపుకుంటారు. ఆడవాళ్లు, పిల్లలు ఎండకు చలువగా తనకా చెక్క గంధం బుగ్గలకు రాసుకుంటారు. అరటి దూట వేసి కాచిన చేపల పులుసులో సన్నని బియ్యపు సేమ్యాతో చేసే మొహింగా వారి ఉదయపు టిఫిను. మన దేశంలో విపశ్యన ధ్యానాన్ని మళ్లీ వ్యాప్తి చేసిన గోయెంకా 1924లో మండలేలో పుట్టినవారే. బర్మా గురువు ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని 1969లో ఇక్కడికి తెచ్చారు. ఒకనాడు మనం పంపిన ధర్మాన్ని బర్మా జాగ్రత్తగా దాచి తిరిగి ఇచ్చింది.

ఇప్పటికీ మోన్ రాష్ట్రంలో, పెగూ, రంగూన్ ప్రాంతాల్లో తెలుగువాళ్లున్నారు. లుంగీ కట్టి, బర్మీ మాట్లాడి, ఇంట్లో తెలుగును నిలబెట్టుకుంటున్నవాళ్లు. వాళ్లు ఆ దేశపు మనుషులు, ఆ దేశపు కష్టం వాళ్లదే. బర్మా వార్త రేడియోలో విన్నప్పుడు వాళ్లనూ తలచుకోండి.

ఎవరు ముందు వచ్చారన్న లెక్కతో దేశాన్ని కొలిచినందుకు బర్మా ఎంత నష్టపోయిందో చూశాం. మైదానంవాడు కొండవాడిని నమ్మలేదు, పాతవాడు కొత్తవాడిని తరిమాడు, ఆఖరికి తుపాకీ ఉన్నవాడు అందరి మీదా ఎక్కి కూర్చున్నాడు. మన కంచరపాలెం ఆ లెక్క పెట్టలేదు. సముద్రం మీద నుంచి వచ్చినవారికి చోటిచ్చింది, పని ఇచ్చింది, అరవై ఏళ్లలో తనలో కలుపుకుంది. ఇది మన ఊరు గర్వపడవలసిన సంగతి, కాపాడుకోవలసిన గుణం కూడా.

చివరగా ఒక విన్నపం. రంగూన్‌లో పుట్టి, పిల్లలుగా ఓడ దిగినవాళ్లు ఇప్పుడు అరవై, డెబ్బై దాటారు. బర్మా క్యాంపులో, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మ, తాతయ్య ఉంటే ఈ వారమే వారి దగ్గర కూర్చోండి. ఏ వీధిలో ఉండేవారు, ఏ మిల్లులో పనిచేశారు, ఏ ఓడలో వచ్చారు అని అడగండి. ఫోనులో వారి గొంతు రికార్డు చేయండి. పాత గుర్తింపు కాగితాలు, ఫోటోలు పెట్టెల్లో ఉంటే చెదలు పట్టకుండా చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతున్న పిల్లలు ఒక్కసారి కంచరపాలెం వచ్చి వాటిని రాసుకోవాలి. లక్షలమంది తెలుగు కూలీల చరిత్ర ఇంతవరకూ ఎక్కువగా ఇంగ్లీషువాడి లెక్కల పుస్తకాల్లోనే ఉంది. దాన్ని మన మాటల్లో రాసుకోవలసిన బాధ్యత మనదే.